అద్దె ఇంటి గోడకు మేకులు: లీజు జీఆర్86తో మూడేళ్లు

2022 అక్టోబరులో ఇక్కడ అమెరికాలో లీజుకు తీసుకున్న టొయోటా జీఆర్86 అనే చిన్న స్పోర్ట్స్ కారుకి 2025 అక్టోబరుతో మూడేళ్లు నిండాయి. ఓడోమీటర్ మీద 31,800 మైళ్లు. తీసుకునే ముందు నేను చదివిన రివ్యూలన్నీ వారం రోజులు నడిపి రాసినవే. లీజు కారుని మోడిఫై చెయ్యొచ్చా అని తెలిసినవాళ్లని అడిగితే సగం మంది "చేసేయ్, తిరిగిచ్చే ముందు విప్పేయొచ్చు" అన్నారు. మిగతా సగం "నీది కాని బండి మీద డబ్బెందుకు తగలేస్తావ్" అన్నారు. తెనాలి నుంచి నాన్న ఫోన్లో ఒక్క ముక్కలో తేల్చేశారు: "అద్దె ఇంటి గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్ని అడుగుతాం కదరా."

ముందు కారు సంగతి. నాది ప్రీమియం వేరియంట్, ఆరు గేర్ల మాన్యువల్. 2.4 లీటర్ల బాక్సర్ ఇంజిన్, 228 హార్స్‌పవర్. ఇప్పుడు పిల్లల్ని స్కూల్లో దింపే ఎస్‌యూవీలకే 300 దాకా ఉంటోంది కాబట్టి ఈ అంకె విని ఎవరూ నోరెళ్లబెట్టరు. బరువు మాత్రం సుమారు 2,800 పౌండ్లే. దీన్ని తీసుకోవడానికి కారణం అదే. బాక్సర్ ఇంజిన్‌లో సిలిండర్లు అటూ ఇటూ పడుకుని ఉంటాయి, బరువంతా నేలకి దగ్గరగా చేరుతుంది. మలుపులో కారు పెద్దగా ఒరగదు, స్టీరింగ్ ఎంత తిప్పితే ముక్కు అంతే తిరుగుతుంది. టొయోటా బ్యాడ్జి ఉన్నా తయారయ్యేది జపాన్‌లో సుబారు వాళ్ల గున్మా ఫ్యాక్టరీలో. సుబారు బీఆర్‌జెడ్ దీని కవల.

నేను గేర్లు నేర్చుకున్నది తెనాలిలో మారుతి 800 మీద, ఎడమ చేత్తో. ఇక్కడేమో గేరు కుడి చేతికి. అమెరికాలో అన్నేళ్లూ ఆటోమేటిక్ నడిపి దీంట్లో కూర్చుంటే, మొదటి వారమంతా గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యి వెళ్లి తలుపుకి గుద్దుకునేది.

లీజు లెక్కలు కొంచెం వివరంగానే చెప్తాను, ఎందుకంటే మోడిఫికేషన్ల గొడవంతా అక్కడే తేలుతుంది. ఆ రోజుల్లో కార్ల కొరత. ఒక డీలరు స్టిక్కర్ ధర (కంపెనీ వేసిన ధర) మీద ఐదు వేలు "మార్కెట్ అడ్జస్ట్‌మెంట్" అన్నాడు. దండం పెట్టి బయటికొచ్చి, రెండు గంటల దూరంలో స్టిక్కర్ ధరకే ఇచ్చే ఇంకో డీలరు దగ్గర తీసుకున్నాను. డెలివరీ చార్జీతో కలిపి 31,325 డాలర్లు. మూడేళ్ల తర్వాత దాని విలువ 60 శాతం, అంటే 18,795 అని కాంట్రాక్టులో ముందే రాసేశారు. దీన్నే రెసిడ్యువల్ అంటారు. మధ్యలో తరిగే 12,530ని 36 నెలలకి పంచితే నెలకి 348. దానికి తోడు వడ్డీ. లీజులో వడ్డీని శాతంలో చెప్పరు, మనీ ఫ్యాక్టర్ అంటారు. నాది 0.0025. దాన్ని 2400తో గుణిస్తే 6 శాతం అని తెలుస్తుంది. మొత్తం నెలకి 473. ఏడాదికి 12,000 మైళ్లు, దాటితే మైలుకి 20 సెంట్లు.

మేముండే టెక్సాస్‌లో ఇంకో మెలిక ఉంది. చాలా రాష్ట్రాల్లో నెలసరి కిస్తీ మీద పన్ను కడతారు. ఇక్కడ మాత్రం కారు పూర్తి ధర మీద 6.25 శాతం. నాకు 1,958 పడింది. లీజయ్యాక కారు మనమే కొనుక్కుంటే, ఆ కొనుగోలు మీద మళ్లీ 6.25. ఒకే బండికి రెండుసార్లు పన్ను! డాలస్ పక్కన ఫ్రిస్కోలో లీజుకి వెళ్లే మనవాళ్లలో ఇది ముందే తెలిసినవాళ్లు నాకైతే కనబడలేదు.

ఇక మేకుల సంగతి. కారు ఇంటికొచ్చిన వారానికే ఎక్సెల్ షీట్ తెరిచి రెండు కాలమ్స్ పెట్టాను: ఒక్క సాయంత్రంలో విప్పగలిగేవి, విప్పలేనివి. కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగ్స్ రెండో దాంట్లోకి వెళ్లాయి. విప్పడం కష్టమని కాదు, విప్పాక చక్రాల అలైన్‌మెంట్ చేయించి, కారు తిరిగిచ్చేటప్పుడు అన్నీ మొదట్లాగే ఉన్నాయని చూపించాలి. పైగా మా కమ్యూనిటీలో స్పీడ్ బ్రేకర్లకి మామూలు ఎత్తులోనే ఇది వంగి దండం పెట్టి దాటుతుంది. ఇంజిన్ ట్యూన్ (పవర్ పెంచడానికి సాఫ్ట్‌వేర్ మార్చడం) కూడా వద్దనుకున్నాను. యాడ్ఆన్ పార్టు పెట్టినంత మాత్రాన వారంటీ రద్దు చెయ్యకూడదని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది, ఆ పార్టు వల్లే పాడైందని కంపెనీ చూపించాలి. నిజమే. కానీ ఇంజిన్ పోయిన రోజున చట్టం పుస్తకం పట్టుకుని వాదించే ఓపిక నాకు లేదు. మామూలు వారంటీ 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు, అంటే అచ్చంగా లీజు గడువే. ఆ మూడేళ్లూ నిశ్చింతగా ఉండడానికే కదా కిస్తీ కడుతున్నది.

హెడర్, అంటే ఇంజిన్ నుంచి పొగని బయటికి తెచ్చే మొదటి గొట్టం, మార్చమని చాలామంది సలహా ఇస్తారు. ఈ ఇంజిన్‌కి పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ హెడర్‌లోనే ఉంటుంది. దాన్ని పీకేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. 2025 నుంచి టెక్సాస్‌లో సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ, డాలస్, కాలిన్ లాంటి కొన్ని కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది. అక్కడ దొరికిపోతాం.

నేను నిజంగా చేయించినవి మూడే. మొదటిది అద్దాలకి సిరామిక్ ఫిల్మ్, 35 శాతం వెలుతురు లోపలికి వదిలేది. ఇక్కడ ముందు తలుపుల అద్దాలకి 25 శాతం కన్నా ఎక్కువ వెలుతురు రావాలని రూలు. ఆగస్టులో డాలస్ పార్కింగ్ లాట్‌లో నల్ల కారెక్కినవాళ్లకి దీని విలువ విడిగా చెప్పక్కర్లేదు. మిగతా రెండిటి వెనక ఒక కథ ఉంది.

ఈ కారుతో నాకు ఏడాది నాసా సభ్యత్వం, ఒక ట్రాక్ డే (రేస్ ట్రాక్ మీద మన కారు మనమే నడిపే రోజు) ఉచితంగా వచ్చాయి. ఇంట్లో "నాకు నాసా మెంబర్‌షిప్ వచ్చింది" అని చెప్తే అమ్మ వీధంతా చెప్పేసింది. ఇది నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ అని సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ట్రాక్ ఫోర్ట్‌వర్త్ దగ్గర క్రెసన్‌లో, 1.7 మైళ్లది. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్. రెండో సెషన్ చివర బ్రేక్ పెడల్ మెత్తగా కిందికి దిగింది. గుండె అంతకన్నా కిందికి దిగింది. ఇది కారు తప్పు కాదు, రోడ్డు మీద తిరిగే ప్యాడ్లూ ఫ్లూయిడ్‌తో ట్రాక్ వేడికి చాలా కార్లు అంతే. ఇన్‌స్ట్రక్టర్ పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి) రమ్మని, దిగాక అడిగాడు: "సౌండు కోసం కొత్త ఎగ్జాస్ట్ కొనాలనుకుంటున్నావా? ముందు బ్రేక్ ఫ్లూయిడ్ కొనుక్కో."

అలా ఎక్కువ వేడికి తట్టుకునే డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్, ముందు చక్రాలకి ట్రాక్ ప్యాడ్లు వచ్చాయి. పాత ప్యాడ్లు డబ్బాలో దాచాను. రెండూ కలిపి 300 డాలర్ల లోపే. తర్వాత ట్రాక్‌కి మూడుసార్లు వెళ్లాను, పెడల్ మళ్లీ మెత్తబడలేదు. ఒక మాట: మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా ట్రాక్ మీద జరిగినదానికి పనికిరాదు. లీజు కారుని గోడకి కొడితే ఓనర్‌కి చెల్లించాల్సింది మనమే. ఆ రోజుకి విడిగా పాలసీ తీసుకున్నాను.

ఎగ్జాస్ట్ ఆశ మాత్రం చాలాకాలం చావలేదు. లోపల వినిపించే ఇంజిన్ శబ్దం కొంత స్పీకర్లలోంచి వస్తుందని తెలిసినప్పట్నుంచీ అదొక కడుపుమంట. ఇర్వింగ్‌లో ఉండే స్నేహితుడు తన బీఆర్‌జెడ్‌కి పెట్టించుకున్నాడు. 75 హైవే మీద గంటకి 70 మైళ్ల దగ్గర ఆ హోరు చెవుల్లో కాదు, పళ్లలో వినిపించింది. నెల తిరక్కుండా వాళ్లావిడ తిరిగి పాతదే పెట్టించింది. నేను ఆన్‌లైన్ కార్ట్‌లో పెట్టుకున్న ఎగ్జాస్ట్‌ని కొనకుండా అలాగే వదిలేశాను.

రోజువారీ వాడకం? వెనక సీటు పేరుకే సీటు. మా ఐదేళ్ల వాడు బూస్టర్‌లో సరిపోతాడు, కానీ వాడి ముందు సీట్లో నేనైతే మోకాళ్లు డాష్‌బోర్డుకి ఆనుతాయి. సీటు మడిస్తే నాలుగు చక్రాలు పడతాయని కంపెనీ అంటుంది. చక్రాల సంగతేమో గానీ రెండు సోనామసూరి బస్తాలు, వారం కూరగాయలు పడతాయి. మొన్న వేసవిలో వచ్చిన అమ్మ ఒక్కసారి ఎక్కింది. దిగేటప్పుడు నేనూ మా ఆవిడా చెరో చెయ్యీ పట్టుకుని లాగాల్సి వచ్చింది. "ఇది ఎక్కే కారు కాదురా, దిగబడే కారు" అంది. పెట్రోలు ప్రీమియమే పొయ్యాలి. ఊళ్లో, హైవేలో కలిపి నాకు గ్యాలన్‌కి 24 మైళ్లు వచ్చింది.

లీజు చివర్లో ఒక డీలరు 23,000 ఇస్తానన్నాడు. కాంట్రాక్టు ధర 18,795, రెండో విడత పన్ను 1,175 కలిపినా ఇరవై వేలు దాటదు. కొనేశాను. కాగితాలు రాసేచోట "ఇన్‌స్పెక్షన్ ఫీజు 600" అని ఒక వరస కలిపారు. కాంట్రాక్టులో ఎక్కడుందో చూపించమన్నాను. ఐదు నిమిషాలు లోపలికెళ్లొచ్చి కొట్టేశారు.

ఆ సాయంత్రం నాన్న ఫోన్. "ఇల్లు సొంతమైందిగా, ఇంక కొడతావా మేకులు?"

షీట్ తెరిచి చూశాను. నవంబరు చివర్లో మళ్లీ క్రెసన్ సెషన్ ఉంది, ముందు ప్యాడ్లు అరిగిపోయాయి. కార్ట్‌లోంచి ఎగ్జాస్ట్ తీసేసి ప్యాడ్లు ఆర్డర్ పెట్టాను.