హార్లెమ్‌లో గడియారాల కొట్టు మీద ఇల్లు: మెట్లెక్కే ఓపికుంటే తప్పకుండా చూడండి

తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ, ఆమ్‌స్టర్‌డామ్‌లో చూడాల్సినవన్నీ చూసేశాక, కోరీ టెన్ బూమ్ ఇల్లు ఈ దేశంలోనే కదా ఉంది, అక్కడికి తీసుకెళ్ళు అంది. చర్చి ప్రసంగాల్లో ఆ పేరు విని విని తనకి బాగా తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్ నాజీల చేతిలో ఉన్నప్పుడు, యూదుల్ని తన ఇంట్లో దాచిన క్రైస్తవురాలు ఈ కోరీ. రైలెక్కితే హార్లెమ్ ఇరవై నిమిషాల లోపే. బార్టెల్‌యోరిస్‌స్ట్రాట్‌లో 19వ నంబరు, కింద ఇప్పటికీ నగలు, వాచీల కొట్టే. 1837లో కోరీ తాతగారు పెట్టిన గడియారాల కొట్టు ఉన్నది ఇక్కడే. గైడ్ వెంటే తిరగాలి కాబట్టి స్లాట్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి.

మెట్లు మాత్రం చాలా నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. అమ్మకి ఉబ్బసం, ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళేముందు ఆలోచించుకోండి.

పై అంతస్తులో కోరీ పడకగది. గోడకి బట్టల అల్మారా, దాని కింది అరలోంచి పాక్కుంటూ లోపలికి వెళ్తే అసలు గోడకీ, ఇటుకలతో కట్టిన దొంగ గోడకీ మధ్య రెండున్నర అడుగుల సందు. అంతే. చూసేవాళ్ళ కోసం గోడలో కొంత భాగం తీసేశారు కాబట్టి లోపలికి తొంగి చూడొచ్చు. పై అంతస్తునే ఎందుకు ఎంచుకున్నారంటే, సోదాకి వచ్చినవాళ్ళు అక్కడిదాకా ఎక్కేలోపు దాక్కోడానికి కాస్త టైమ్ దొరుకుతుంది. ఎవరికీ అనుమానం రాకుండా ఇటుకలు బ్రీఫ్‌కేసుల్లో తెచ్చారట. దాక్కోవడం రిహార్సల్ కూడా వేసుకునేవాళ్ళు, ఒంటి వెచ్చదనం తెలియకుండా పరుపు తిరగేసి మరీ దాక్కోవాలి!

ఒక మనిషిని దాచడమంటే చోటు ఒక్కటే చూపిస్తే సరిపోదు, రోజూ తిండి పెట్టాలి. అప్పుడు అన్నీ రేషన్ కార్డు మీదే, దాక్కున్న యూదులకి కార్డులుండవు. కోరీ తెలిసినాయన ద్వారా దొంగచాటుగా కార్డులు తెప్పించి, కింది మెట్టు లోపల దాచేది. కిటికీలో ఆల్పీనా వాచీల బోర్డు కనబడితే లోపలికి రావచ్చని గుర్తు.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఉబ్బసం ఉన్న ఒక పెద్దావిడ సంగతి. ఆవిడ ఆశ్రయం కోరి వచ్చినప్పుడు, ఆ ఆయాసం చప్పుడు గోడ అవతలికి వినిపిస్తే అందరి ప్రాణాలూ పోతాయి కాబట్టి, అప్పటికే అక్కడ దాక్కున్నవాళ్ళని కూర్చోబెట్టి అడిగారట. అందరూ ఉండనిద్దామనే చేతులెత్తారు.

1944 ఫిబ్రవరి 28న గెస్టపో, అంటే నాజీల రహస్య పోలీసులు, వచ్చింది. భార్యని విడిపించుకోవాలి, డబ్బు కావాలి అంటూ వచ్చినవాడే పట్టించాడు. కోరీకి అప్పుడు జ్వరం, ఆ గదిలోనే పడుకుని ఉంది. ముప్పై మంది దాకా అరెస్టయ్యారు. గోడ వెనక ఆరుగురు, నలుగురు యూదులు, ఇద్దరు నాజీలకి ఎదురు తిరిగి రహస్యంగా పనిచేస్తున్న కార్యకర్తలు, తిండీ నీళ్ళూ లేకుండా దాదాపు రెండు రోజులు నిలబడ్డారు. ఆ పెద్దావిడ కూడా అక్కడే. వాళ్ళు దొరకలేదు. కోరీ తండ్రి, 84 ఏళ్ళ కాస్పర్‌ని, ఇక గొడవ చేయనంటే ఇంటికి పంపేస్తామన్నారు. రేపు ఎవరు తలుపు తట్టినా తీస్తాను అన్నాడాయన. పది రోజులకి నిర్బంధంలోనే పోయాడు. అక్క బెట్సీ ఆ డిసెంబర్‌లో జర్మనీలోని రావెన్స్‌బ్రూక్ నాజీ నిర్బంధ క్యాంపులో చనిపోయింది, కోరీ కొద్దిరోజులకి విడుదలైంది.

ఈ ఇల్లొక్కటే చూసి డచ్చివాళ్ళంతా ఇలాగే చేశారనుకోకండి. అప్పుడు ఇక్కడున్న సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా చంపబడ్డారు. దాక్కున్నవాళ్ళు పాతిక వేల పైచిలుకు, వాళ్ళలోనూ మూడో వంతు దాకా దొరికిపోయారు. ఒక్కొక్కరిని పట్టిచ్చినందుకు మొదట్లో ఏడున్నర గిల్డర్లు (అప్పటి డచ్చి డబ్బు) ఇచ్చేవాళ్ళు. ఇది తెలిసి వెళ్తే ఆ గోడ ముందు నిలబడటం వేరేగా ఉంటుంది. టూర్‌లో దేవుడి మాటలు చాలానే ఉంటాయి. వాళ్ళు ఆ పని చేసిందే ఆ నమ్మకంతో కాబట్టి నాకు అది సరైనదే అనిపించింది.

కిందికి దిగాక అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని పర్సులోంచి ఇన్‌హేలర్ తీసింది. పీల్చి, మళ్ళీ మూత పెడుతూ, "ఆవిడకి ఇది కూడా ఉండి ఉండదు కదే" అంది.