నైరోబీలో పని ఉంటే మసాయి మారాకే పోవాలా?

కెన్యాకు డ్యూటీ మీద పోతున్నానంటే కర్నూల్లో ప్రతి ఒక్కరూ "అయితే మసాయి మారా చూసొస్తావన్నమాట" అన్నారు. చూడలేదు. సింహాలకు పేరుమోసిన ఆ అభయారణ్యానికి నైరోబీ నుంచి రోడ్డు మీద పోవడానికే ఐదారు గంటలు, రావడానికి మళ్లీ అంతే. సోమవారం పొద్దున మీటింగు పెట్టుకుని ఆ తిప్పలు ఎందుకు? పని మీద వెళ్లినవాడికి నైరోబీ నేషనల్ పార్కు, నైవాషా చెరువు చాలు.

పార్కు సిటీ సెంటర్‌కు ఏడు కిలోమీటర్లే. 1946లో పెట్టారు, 117 చదరపు కిలోమీటర్లు. మూడు వైపులా కంచె ఉంది, దక్షిణం వైపు మాత్రం జంతువులు వచ్చిపోయేందుకు వదిలేశారు. గేటు ఆరింటికి తెరుస్తారు, ఆ వేళకే అక్కడుంటే మంచిది. జులైలో పొద్దున్నే స్వెట్టర్ లేకపోతే వణుకే, ఊరు దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉంది మరి. గేటు దగ్గర నగదు తీసుకోరు, కార్డు గానీ, ఫోన్‌తో డబ్బు కట్టే ఎం-పెసా గానీ ఉండాలి. వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలను 2020 నుంచి పార్కుల్లోకి రానివ్వడం లేదు. ఇంట్లోంచి స్టీలు బాటిల్ పెట్టుకుని పోండి.

ఇక్కడ అడవి ఏనుగులు ఉండవు, ఆ ఆశ పెట్టుకోవద్దు. సింహం అంటే మాకు గడ్డిలో రెండు చెవులు కనబడ్డాయి, అంతే. నల్ల ఖడ్గమృగం మాత్రం తీరిగ్గా మేస్తూ దొరికింది. జిరాఫీ వెనకాల సిటీ మేడలు కనిపించడం మొదట వింతగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

నన్ను కట్టిపడేసింది కోరి బస్టర్డ్. మన రోళ్లపాడు బట్టమేక పక్షికి దగ్గరి చుట్టం. మగది 18 కిలోల దాకా తూగుతుందట, ఎగిరే పక్షుల్లో ఇంత బరువున్నవి అరుదు. బూడిద రంగు మెడ నిటారుగా పెట్టి, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ, మధ్యలో ఠక్కున వంగి మిడతను పట్టింది. "పక్షికి ఇంతసేపా సార్, సింహం చూద్దాం రండి" అని డ్రైవర్ తొందర. ఆయనకేం తెలుసు? నందికొట్కూరు పక్కన రోళ్లపాడులో 1988లో బట్టమేక కోసమే అభయారణ్యం కట్టుకున్నాం. ఇప్పుడు అక్కడికి పోతే కృష్ణజింకలు చూసి రావడమే. ఇక్కడ దాని చుట్టం ఎవరి భయమూ లేకుండా రోడ్డు పక్కనే తిరుగుతోంది.

నైవాషా 90 కిలోమీటర్లు. దారిలో రిఫ్ట్ వ్యాలీ అనే పెద్ద లోయ కనిపించే చోట బండి ఆపమనండి, అక్కడి దుకాణాల్లో మాత్రం చెప్పిన ధరకు ఏదీ కొనొద్దు. మేం దిగిన లాడ్జిలో గది బాగుంది, వేడినీళ్లు మాత్రం అడిగి అడిగి విసుగొచ్చింది. ఆ లోటు రాత్రి తీరింది. చీకటి పడ్డాక హిప్పోలు చెరువులోంచి లాన్‌లోకొచ్చి గడ్డి తింటాయి, అందుకే భోజనశాల నుంచి గది దాకా వాచ్‌మన్ టార్చ్ పట్టుకుని వెంట వస్తాడు. తిండికి ఇబ్బంది లేదు, ఉగాలి అంటే మొక్కజొన్న పిండి సంగటే, పక్కన ఆకుకూర. పప్పు గానీ ఊరిబిండి గానీ ఉండదు, అదొక్కటే వెలితి.

పక్కనే హెల్స్ గేట్ పార్కులో సైకిలు అద్దెకు తీసుకుని జీబ్రాల మధ్య తొక్కుకుంటూ పోవచ్చు. అడవి దున్నలు కనిపిస్తే దూరం పాటించాలి. దుమ్ము విపరీతం. ఓర్వకల్లు సోలార్ ప్లేట్లు చూసిన కళ్లకు అక్కడి ఓల్కారియాలో భూమిలోంచి వచ్చే ఆవిరితో కరెంటు తీయడం భలే తమాషాగా ఉంటుంది. పడవ షికారు కన్నా నాకు ఇదే నచ్చింది.

ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ కార్డు అడుగుతారు. నేను దానికోసం హైదరాబాద్ పోయొచ్చాను, ప్రయాణం ఖాయమైన రోజే ఆ పని చూసుకోండి.