ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్‌కి ఏ రీచార్జ్ మేలు?

పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు, తల్లిదండ్రులు ఊళ్లో. వాళ్ల నంబర్లకు రీచార్జ్ చేసేది మాత్రం చాలా ఇళ్లలో పిల్లలే. యాప్ తెరిస్తే 28 రోజులు, 56 రోజులు, 84, 336, 365 అంటూ వరసగా ప్లాన్లు. ఒకదానిలో రోజువారీ డేటా, ఇంకోదానిలో ఏడాది మొత్తానికి ఇంత అని, మరోదానికి ఏదో ఓటీటీ తగిలించి ఉంటుంది. ఏ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం కుదరదు. విసుగొచ్చి కిందటిసారి వేసిందే మళ్లీ వేసేస్తాం. డబ్బు పోయేది అక్కడే. నేను చూసేది రెండే: రోజుకు ఎంత పడుతోంది, అందులో వాళ్లు నిజంగా వాడుతున్నదెంత.

ముందు 28 రోజుల ప్లాన్‌నీ ఏడాది ప్లాన్‌నీ చూద్దాం. 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ధరలు పెంచాయి. అప్పుడు జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299 రూపాయలైంది. అంటే రోజుకు 10 రూపాయల 68 పైసలు. నెల ప్లాన్ అని పిలుచుకుంటాం గానీ దానితో ఏడాది గడవాలంటే 13 సార్లు వేయాలి. మొత్తం 3,887 రూపాయలు. అదే పెంపులో అదే కంపెనీ ఏడాది ప్లాన్‌కి పెట్టిన ధర 3,599. అందులో రోజుకు రెండున్నర జీబీ, 5జీ ఫోన్ ఉంటే పరిమితి లేని 5జీ కూడా. తక్కువ డబ్బుకు ఎక్కువ డేటా. ఒకేసారి మూడున్నర వేలు తీయలేని ఇంటివాళ్లే చివరికి ఎక్కువ కడుతున్నారు. నాకిది అన్యాయంగా కనిపిస్తుంది. డేటా బాగా వాడే తల్లిదండ్రులైతే పిల్లలు ఏడాదిది ఒక్కసారి వేసేయడమే మంచిది. అంత కుదరకపోతే 84 రోజులది, 799 రూపాయలు, రోజుకు తొమ్మిదిన్నర.

నెలకోసారే కట్టాలంటే ఇంకో దారి ఉంది. ప్రతి కంపెనీ దగ్గర కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా ఒకే తేదీకి వేసుకునే ప్లాన్ ఒకటి ఉండాలని 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. యాప్‌లో ఇవి సులువుగా కంటపడవు, వెతకాలి.

ఇప్పుడు అసలు సంగతి. మా పెద్దమ్మ వాడేది కీప్యాడ్ ఫోన్. ఆమె నంబరుకు చాలాకాలం డేటా ప్లానే పడింది, ఆ ఫోన్‌లో నెట్ వాడే వీలే లేకపోయినా. షాపులో ‘కాల్స్‌కి ఇదే వేసుకోవాలి’ అన్నారట. ఇలాంటి వాళ్ల కోసమే మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్లాన్లు తప్పనిసరిగా పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. మరుసటి నెలలో కంపెనీలు పెట్టాయి కూడా. కానీ ఎలా? ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 6 జీబీతో 509 రూపాయలున్న ప్లాన్‌లోంచి డేటా తీసేసి 499 చేశారు. ఆరు జీబీ పోతే తగ్గింది పది రూపాయలు. వీటిని పరిశీలిస్తామని ట్రాయ్ అన్నాక అది 469కి దిగింది, ఏడాదిది 1,849 అయింది. జియోలో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748.

అంటే రోజుకు అయిదు రూపాయల చిల్లర. 28 రోజుల డేటా ప్లాన్‌లో సగం. కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లకు నేనైతే ఇంకో ఆలోచన లేకుండా ఇదే వేస్తాను. ఇంట్లో వైఫై ఉండి, బయటికి వెళ్తే కాల్స్ తప్ప ఏమీ వాడని వాళ్లకూ ఇది చాలు.

అయితే నాన్న కిరాణా కొట్టులో ఫోన్‌పే చేస్తారనుకోండి, అప్పుడిది పనికిరాదు. అక్కడ నెట్ కావాలి. ఇలాంటి వాళ్లకి ఏడాదికి 30 జీబీ ఇచ్చే ఎయిర్‌టెల్ 2,249 ప్లాన్ సరిపోతుంది. రోజుకు 80 ఎంబీ పైచిలుకు పడుతుంది. యూపీఐకి, వాట్సాప్ మెసేజ్‌లకి దండిగా వస్తుంది. రోజూ మనవడితో వీడియో కాల్ అంటే మాత్రం చాలదు, రోజువారీ డేటానే తీసుకోవాలి. ఆ కాల్ దగ్గర పొదుపు చేయమని నేను చెప్పను. (ఇవన్నీ 2024 జులై, 2025 జనవరి నాటి ధరలు. వేసేముందు యాప్‌లో ఒకసారి చూసుకోండి.)

ఫోన్ సంగతి కూడా ప్లాన్‌తోనే తేల్చుకోవాలి. 2024 పెంపు తర్వాత జియో, ఎయిర్‌టెల్ పరిమితి లేని 5జీని రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే ఇస్తున్నాయి. ఒకటిన్నర జీబీ ప్లాన్ వేస్తూ పెద్దవాళ్లకు 5జీ ఫోన్ కోసం అదనంగా ఖర్చు పెట్టడం దండగ. డబ్బాపై ‘8 జీబీ ర్యామ్’ అని ఉన్నా నమ్మేయకండి, కొన్నిటిలో అసలు ర్యామ్ నాలుగే, మిగతా నాలుగు స్టోరేజీలోంచి తీసుకున్నది. కీప్యాడ్ ఫోనైతే, జియోకి 2జీ లేదు కాబట్టి 4జీ కీప్యాడే కొనాలి. చవకైన 2జీ సెట్ ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లతోనే పనిచేస్తుంది.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది సిగ్నల్. ఊరి బస్టాండులో ఫుల్లుగా ఉండి ఇంట్లో వంటగదిలో ఒక్క గీతా లేకపోతే ఏ ప్లానైనా వృథా. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ సాంకేతికతతో కట్టిన 4జీని 2025 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభించారు కాబట్టి దాన్నీ లెక్కలో పెట్టుకోండి. పక్కింటివాళ్ల ఫోన్ అడిగి మీ ఇంటి లోపల నిలబడి ఒక కాల్ చేసి చూడండి, చాలా తెలిసిపోతుంది. నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారాలనుకుంటే (దీన్నే పోర్ట్ చేయడం అంటారు) PORT అని రాసి, ఖాళీ వదిలి, నంబరు చేర్చి 1900కి ఎస్సెమ్మెస్ పంపితే కోడ్ వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ టెలికాం లెక్కల్లో ఇప్పటికీ ఒకే సర్కిల్ (సేవా ప్రాంతం), అందుకే ఖమ్మం నంబరు విజయవాడలో పోర్ట్ చేయించుకున్నా ఇబ్బంది లేదు. కానీ ఒకసారి మారితే 90 రోజుల దాకా మళ్లీ మారలేరు, పాత కంపెనీలో మిగిలిన రోజులూ బ్యాలెన్సూ వెంట రావు. అందుకే కొత్త నెట్‌వర్క్‌లో మొదటి రీచార్జ్‌గా 28 రోజులదే వేయండి. ఇంట్లో అన్ని గదుల్లోనూ మాట స్పష్టంగా వినిపిస్తోందని అమ్మ చెప్పాకే ఏడాదిది వేయండి.