పెద్దాపరేషన్ తర్వాత ఫోన్‌లో ఫాలోఅప్: ఒక ఆశా కార్యకర్త సమీక్ష

ములుగు వైపు పల్లెల్లో ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. మా బాలింతలకు ఆపరేషన్ చేసే వరంగల్ దవాఖాన ఒకటి, ఇంటికి పంపాక కుట్ల సంగతి ఫోన్‌లోనే కనుక్కుంటుంది. నర్సు కాల్ చేసి ప్రశ్నలు అడుగుతుంది, అనుమానం వస్తే వాట్సాప్‌లో ఫోటో పంపమంటుంది. కొన్నేళ్లుగా ఈ పద్ధతి చూస్తున్నాను. కాల్‌కి మంచి మార్కులే వేస్తాను, ఫోటోకి మాత్రం బొటాబొటిగా పాస్ మార్కులు.

అసలు ఇది మనకు అవసరమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లే. కోత దగ్గర ఇన్ఫెక్షన్ 30 రోజుల్లోపు ఎప్పుడైనా రావచ్చు, అప్పటికి బాలింత ఇంట్లో ఉంటుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కావచ్చు, కానీ పచ్చి కుట్లతో ఆ కుదుపులు, తోడు వెళ్లేవాళ్లకు పోయే కూలి ఎవరిస్తారు?

పెద్ద చిక్కు ఫోన్ నంబరుతోనే. డిశ్చార్జి చీటీ మీద భర్త నంబరు రాస్తారు. ఆయన పనిమీద ఎక్కడో ఉంటాడు. నర్సు అడగ్గానే "మంచిగనే ఉంది మేడం" అంటాడు, కుట్లు చూసింది లేదు పెట్టింది లేదు. పైగా బాలింత తల్లిగారింటికి పోయి ఉంటుంది. అందుకే వాళ్లమ్మ నంబరు కూడా రాయించమని దవాఖానకు పోయేముందే చెప్తున్నాను. అప్పటినుంచి జవాబులు నమ్మేలా ఉంటున్నాయి.

ఇక ఫోటో. పొట్ట ఫోటో అంటేనే సిగ్గు, అది ఎవరి ఫోన్లో ఉండిపోతుందోనన్న టెన్షన్ వేరే. రాత్రి బల్బు కింద తీస్తే అంతా పసుపుపచ్చగా వస్తుంది. కొందరు నిజంగానే పసుపు అద్ది ఉంటారు! నల్లటి ఒంటిమీద ఎరుపు సరిగా తెలియదు. వేడిగా ఉందా, గట్టిపడిందా, వాసన వస్తోందా అన్నవి ఫోటోలో దొరకవు. రువాండాలోని కిరేహే జిల్లాలో మాలాంటి ఆరోగ్య కార్యకర్తలతోనే కుట్ల ఫోటోలు తీయించి, వాటిని చూసి ఇన్ఫెక్షన్ గుర్తుపట్టే కంప్యూటర్ ప్రోగ్రాం తయారుచేశారని మా మీటింగ్‌లో విన్నాను. మంచిదే. కానీ మసక ఫోటో పంపితే కంప్యూటరైనా ఏం చెప్తుంది? నేనైతే పగటిపూట, వాకిలి దగ్గర వెలుతురులో తీస్తాను, ముఖం పడకుండా. పంపగానే వాళ్లముందే డిలీట్ చేస్తాను.

పసిబిడ్డ కోసం 7, 14, 21, 28, 42 రోజుల్లో ఎలాగూ ఇంటికి పోతాను. అప్పుడు బాలింత పక్కన కూర్చొని నర్సుకి నేనే కాల్ కలుపుతాను. జ్వరం ఉందా, చీము కారుతోందా, కుట్టు విడిందా అని అక్కడినుంచి అడుగుతుంటే ఇక్కడ చూసి చెప్తాం. ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఇదే.

నచ్చనిది ఆదివారం. పంపిన ఫోటోకి సోమవారం దాకా నీలి టిక్కులు పడవు. చీము, జ్వరం రెండూ కనిపిస్తే నేను ఆ టిక్కుల కోసం ఆగను, 108కి కాల్ చేసేస్తాను.