‘హ్యాడ్ బీన్’ వాక్యాలు నేర్చుకోవడానికి మర్ఫీ వ్యాకరణం ఎంతవరకు పనికొస్తుంది?

ఇంగ్లీషులో పాస్ట్ పర్‌ఫెక్ట్ పాసివ్ సూత్రం ఏమిటని అడిగితే ‘హ్యాడ్ బీన్ ప్లస్ వీ3 (క్రియ మూడో రూపం)’ అని పదో తరగతి పిల్లలు కూడా తడుముకోకుండా చెబుతారు. దాన్ని ఎక్కడ వాడాలి, ఎక్కడ ‘వాజ్’తో సరిపెట్టుకోవాలి అన్న ప్రశ్నకు మాత్రం డిగ్రీ పూర్తిచేసినవారిలో కూడా చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఈ ఒక్క అంశాన్ని దృష్టిలో పెట్టుకొని, రేమండ్ మర్ఫీ రాసిన ‘ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్’ తెలుగు విద్యార్థికి ఎంత సాయం చేస్తుందో ఇక్కడ పరిశీలిస్తున్నాను. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ 1985లో తొలిసారి ప్రచురించిన ఈ పుస్తకానికి 2019లో ఐదో కూర్పు వచ్చింది. నా పరిశీలన ఆ కూర్పుకే పరిమితం.

పుస్తకంలో 145 పాఠాలున్నాయి. ప్రతి పాఠానికీ ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసాలు ఉంటాయి. గురువు లేకుండా చదువుకొనేవారికి ఇంతకంటే అనువైన అమరిక నేను చూడలేదు.

మన బడుల్లో పాసివ్ వాయిస్ అంటే ఇచ్చిన వాక్యాన్ని తిప్పి రాయడమే. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంతో తరాల తరబడి స్థిరపడిన పద్ధతి అది. ఆ పుస్తకాన్ని సవరించి కొత్త తరాలకు అందించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు గారు కావడం తెలుగువారిగా మనం గుర్తుంచుకోదగిన విషయం, ఆ పుస్తకం మీద నాకున్న గౌరవమూ తక్కువేమీ కాదు. అయితే ‘షీ హ్యాడ్ రిటెన్ ఎ లెటర్’ అన్న వాక్యాన్ని ‘ఎ లెటర్ హ్యాడ్ బీన్ రిటెన్ బై హర్’ అని మార్చి మార్కు తెచ్చుకున్న విద్యార్థికి, ఆ రెండో వాక్యాన్ని ఎవరు ఎప్పుడు ఎందుకు అంటారో తెలియకుండానే పాఠం అయిపోతుంది. నిజానికి అలాంటి వాక్యాన్ని మాట్లాడేటప్పుడు దాదాపుగా ఎవరూ అనరు. మర్ఫీ ఈ దారి పట్టడు. ఆయన ముందు ఒక సందర్భాన్ని చూపిస్తాడు. ఒక గది చూడటానికి బాగుంది, ఎందుకంటే అంతకుముందే ఎవరో దాన్ని శుభ్రం చేశారు. ఎవరు చేశారన్నది మనకు అక్కరలేదు కాబట్టి గదినే కర్త స్థానంలో పెట్టి ‘హ్యాడ్ బీన్ క్లీన్డ్’ అంటాం. గతంలో ఒక క్షణం, దానికి ముందే పూర్తయిన ఒక పని, చేసినవారి ప్రసక్తి లేకపోవడం అనే మూడూ ఒకేచోట కలిస్తేనే ఈ వాక్యం పుడుతుందని అభ్యాసాలు చేస్తూ చేస్తూ అర్థమవుతుంది.

ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పడానికి నేను తరగతిలో వాడే ఉదాహరణ ఒకటి ఇస్తాను. ‘వెన్ వుయ్ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ బీన్ క్యాన్సిల్డ్’ అంటే మేము స్టేషనుకు చేరకముందే రైలు రద్దయింది. మేము వెళ్ళి ఉపయోగం లేకపోయింది. ‘హ్యాడ్ బీన్’ తీసేసి ‘వాజ్’ పెడితే, మేము చేరిన సమయంలోనే రైలు రద్దు చేశారన్న అర్థం వస్తుంది. ఫిర్యాదు రాసేటప్పుడు, వాపసు సొమ్ము అడిగేటప్పుడు ఈ రెంటి మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

మర్ఫీలో నాకు కనిపించిన ప్రధాన లోపం ఈ విషయాన్ని ఒక్కచోట పెట్టకపోవడం. పాస్ట్ పర్‌ఫెక్ట్ 15వ పాఠంలో వస్తుంది. విందుకు ఒకరు వెళ్ళేసరికి మరొకరు వెళ్ళిపోయిన సందర్భంతో ఆ పాఠాన్ని చాలా చక్కగా మొదలుపెట్టాడు. పాసివ్ మాత్రం 42వ పాఠం దాకా రాదు. రెండూ కలిసే చోటు 43వ పాఠం. అక్కడ ఒకే పేజీలో ప్రెజెంట్ పర్‌ఫెక్ట్, కంటిన్యూయస్ రూపాలు, ‘కెన్ బీ డన్’ వంటివి కూడా ఉండటం వల్ల మన అంశానికి దక్కిన స్థలం చాలా కొద్ది. వరుసగా చదువుకుపోయే విద్యార్థి 43కు వచ్చేసరికి 15లో నేర్చుకున్నది మరచిపోతాడు. అందుచేత ఈ మూడు పాఠాలనూ ఒకే వారంలో, ముందు 15, వెంటనే 42, 43 చదవమని నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను.

ప్రపంచంలోని అన్ని భాషలవారినీ ఉద్దేశించి రాసిన పుస్తకం కనుక తెలుగువాడు ఎక్కడ తడబడతాడో ఇందులో ఉండదు. ఆ పని మనం చేసుకోవాలి. ‘హ్యాడ్ బీన్ పెయిడ్’ను ‘చెల్లించబడి ఉండెను’ అని చెప్పించడం వల్లే విద్యార్థికి ఇది పరాయి విషయంగా కనిపిస్తోందని నా అభిప్రాయం. ‘నేను వెళ్ళేసరికి బిల్లు కట్టేసి ఉంది’, ‘మేము ఊరికి చేరేసరికి చెట్టు కొట్టేసి ఉంది’ అని మనం రోజూ అంటూనే ఉంటాం. కట్టినదెవరో, కొట్టినదెవరో ఆ మాటల్లో లేదు. పని ముందే జరిగిందన్న సంగతీ, దాని ఫలితం మన కళ్ళముందు ఉందన్న సంగతీ రెండూ ఉన్నాయి. మర్ఫీ అభ్యాసాలు చేసేటప్పుడు ఒక్కో వాక్యాన్నీ మనసులో ఇలా అనుకొని చూస్తే చాలావాటికి జవాబు తానుగా తడుతుంది.

మనవారు చేసే పొరపాట్లలో రెండు మరీ ఎక్కువ. మొదటిది ‘ద యాక్సిడెంట్ హ్యాడ్ బీన్ హ్యాపెన్డ్’ వంటి వాక్యం. ‘హ్యాపెన్’, ‘కమ్’, ‘అరైవ్’ వంటి క్రియలకు కర్మ ఉండదు కాబట్టి వాటికి పాసివ్ లేదు, ‘హ్యాడ్ హ్యాపెన్డ్’ అంటే చాలు. రెండోది, పోల్చడానికి వేరే గత సమయమేదీ లేనప్పుడు కూడా ‘ద వర్క్ హ్యాడ్ బీన్ కంప్లీటెడ్ యెస్టర్‌డే’ అని రాయడం. కార్యాలయ లేఖల్లో ఇది విపరీతంగా కనిపిస్తుంది. నిన్న పూర్తయిందని మాత్రమే చెప్పదలిస్తే ‘వాజ్ కంప్లీటెడ్’ సరైనది.

‘హ్యాడ్ బీన్’ వచ్చే మరో రెండు చోట్లను కూడా వెతుక్కొని చదవాలి. ‘ఇఫ్ ఐ హ్యాడ్ బీన్ టోల్డ్’ అంటూ, జరగని దాన్ని ఊహించి చెప్పే వాక్యాలు మొదటిది. ఒకరి మాటను మరొకరికి చెప్పేటప్పుడు ‘వాజ్’ కాస్తా ‘హ్యాడ్ బీన్’ కావడం రెండోది. ఇవి పుస్తకంలో ఇఫ్ వాక్యాల పాఠాల్లోనూ, రిపోర్టెడ్ స్పీచ్ పాఠాల్లోనూ చదువుకోవలసినవి. పాసివ్ పాఠం పూర్తయ్యాక అటు వెళ్ళి చూస్తే పట్టు బాగా కుదురుతుంది.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వంటి పోటీ పరీక్షలకు చదివేవారికి ఈ ఒక్క పుస్తకం చాలదు. అక్కడ అడిగేది వాక్యం తిప్పడమే కాబట్టి రెన్ అండ్ మార్టిన్ పక్కన ఉండాల్సిందే. ఉద్యోగంలో నివేదికలు, మెయిళ్ళు రాయవలసినవారికీ, ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకూ మాత్రం మర్ఫీనే ముందు కొనమంటాను. కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. ఇదే వరుసలో ఎర్ర అట్టది ప్రాథమిక స్థాయికి, ఆకుపచ్చ అట్టది పై స్థాయికి ఉద్దేశించినవి, ఇక్కడ చెప్పుకున్నది నీలం అట్టది. అలాగే జవాబులు ఉన్న ముద్రణ, లేని ముద్రణ వేర్వేరుగా దొరుకుతాయి. సొంతంగా చదువుకొనేవారు జవాబులున్నదే అడిగి తీసుకోవాలి.