జేసీబీ 3డీఎక్స్ వెనక చెయ్యి: ఎంత తవ్వుతుంది, ఎక్కడ అరుగుతుంది

మన ఊళ్ళలో పసుపు రంగు వేసుకుని, ముందొక బకెట్, వెనకొక బకెట్ ఉన్న బండి ఏదైనా జేసీబీయే. అది మహీంద్రా ఎర్త్‌మాస్టర్ కావచ్చు, కేస్ 770 కావచ్చు, "ఒక జేసీబీని పిలవండి" అనే అంటాం. పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరు చైన్ బండ్లన్నిటికీ "ప్రొక్లైన్"గా అతుక్కుపోయినట్టే ఇదీ. ఇక్కడ రాస్తున్నది మాత్రం అసలు జేసీబీ 3డీఎక్స్ గురించే. ఇంజను, క్యాబిన్, ఏసీ సంగతులు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. తవ్వే చెయ్యి, నింపే బకెట్, వాటి పిన్నులు, పళ్ళు వరకే ఈ సమీక్ష.

ముందు లెక్క చూద్దాం. కంపెనీ కరపత్రంలో వెనక బకెట్ 0.26 క్యూబిక్ మీటర్లు, ముందు బకెట్ 1.1 క్యూబిక్ మీటర్లు, తవ్వే లోతు గరిష్ఠంగా 4.77 మీటర్లు అని ఉంటుంది. మోడల్ ఏడాదిని బట్టి, వేసిన బకెట్‌ను బట్టి ఈ అంకెలు కాస్త మారతాయి. మనకు అలవాటైన సీఎఫ్టీలో (ఘనపుటడుగుల్లో) చెబితే వెనకది సుమారు 9, ముందుది సుమారు 39. అంటే 100 సీఎఫ్టీ ట్రాక్టర్ ట్రాలీకి కుప్ప మీంచి ముందు బకెట్‌తో ఎత్తిపోస్తే మూడు సార్లు చాలు. అదే ట్రాలీని గుంతలోంచి నేరుగా వెనక బకెట్‌తో నింపితే పదకొండు, పన్నెండు సార్లు పడుతుంది. గంటల లెక్కన బాడుగకు పెట్టుకునేవాళ్ళు ఏ బకెట్‌తో ఏ పని జరుగుతోందో ఒక కన్నేసి ఉంచాలి. 4.77 మీటర్లన్నది చెయ్యి పూర్తిగా చాచినప్పుడు పంటి మొన అందే లోతు. అడుగు చదునుగా రావాల్సిన కాలువకు మూడు, మూడున్నర మీటర్ల దాకానే ఇది హాయిగా పని చేస్తుంది.

పైపులైను కాలువ ఒకటి తీసుకోండి. పొడవు 100 మీటర్లు, వెడల్పు 0.6, లోతు 1 మీటరు. నేలలో ఉన్నప్పుడు 60 క్యూబిక్ మీటర్ల మట్టి. తవ్వాక గుల్లబారి పాతిక శాతం దాకా పెరుగుతుంది, అంటే 75. బకెట్ ప్రతిసారీ 80 శాతం నిండితే 360 బకెట్లు. ఒక్కో బకెట్‌కు తవ్వడం, తిప్పడం, గుమ్మరించడం, వెనక్కి రావడం కలిపి 22 సెకన్లు వేసుకుంటే రెండుంపావు గంటలు. ప్రతి రెండున్నర మీటర్లకు జాకీలు (తవ్వేటప్పుడు బండి కదలకుండా నేలకు ఆనించే కాళ్ళు) ఎత్తి బండి జరపాలి, ఒక్కోసారికి ఒక నిమిషం, మొత్తం నలభై నిమిషాలు. అంతా కలిపి మూడు గంటలలోపు అయిపోవాలి. పళ్ళు మొద్దుబారి బకెట్ సగమే నిండుతుంటే అదే కాలువకు నాలుగు గంటలు దాటుతుంది. డీజిలు గంటకు సుమారు 5 లీటర్లు వేసుకున్నా, ఆ తేడా ఖర్చు ఒక్క రోజులో ఎంతవుతుందో ఓనరుకు వేరే చెప్పక్కర్లేదు.

చెయ్యి పని తీరు తెలిస్తే ఆపరేటరు పనితనం కూడా కనిపెట్టొచ్చు. బూమ్, అంటే బండి వైపున్న పెద్ద చెయ్యి, లోతును చూసుకుంటుంది. డిప్పర్, అంటే దాని చివరన ఉన్న రెండో చెయ్యి, బకెట్‌ను బండి వైపు లాక్కొస్తుంది. బకెట్ సిలిండరు లింకుల ద్వారా మణికట్టులా మడతపెడుతుంది. పొర మీద పొరగా గీరుకుంటూ నింపడానికి డిప్పర్ లాగుడు, గట్టిగా పట్టేసిన ముక్కను పెకలించడానికి బకెట్ మడత. డిప్పర్ సిలిండరు డిప్పర్‌కు లంబంగా ఉన్నప్పుడే దాని బలం పూర్తిగా దిగుతుంది. చెయ్యి బారుగా చాచినచోట అదే సిలిండరు సగం బలహీనంగా కనిపిస్తుంది. అందుకే దూరంగా చాచి రాయితో కుస్తీ పట్టడం కంటే బండిని ఒక మీటరు జరుపుకోవడం మేలు. మంచి ఆపరేటరు జానెడు లోపు మందాన పొడుగ్గా కోసుకుంటూ వస్తాడు. చేయి తిరగనివాడు పళ్ళను నిలువుగా దించేసి లివరు పట్టుకుని కూర్చుంటాడు, బండి కీచుమని అరుస్తుంటుంది. ఆ కీచు, ఒత్తిడి హద్దు దాటితే ఆయిలును వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకున్న శబ్దం. ఆ క్షణంలో పంపు తోసే ఆయిలంతా పని చేయకుండా వేడెక్కి ట్యాంకులోకి పోతోంది. ఒక్క పూటలో అరుపు పదేపదే వినిపిస్తే ఆయిలు పల్చబడి సాయంత్రానికి చెయ్యి మందగిస్తుంది.

పళ్ళ దగ్గర అందరూ పొరపాటు చేస్తారు. ఈ బండికి వచ్చేవి బకెట్ పెదవికి బోల్టులతో బిగించే పళ్ళు. మార్చడం తేలిక, అర పూట పని కూడా కాదు. కొత్తవి బిగించాక గంట, గంటన్నర తవ్వి బోల్టులు మళ్ళీ బిగించాలి. మొదటి దెబ్బలకు పన్ను కూర్చునే చోట కూర్చుంటుంది, బోల్టు ఆ మేరకు వదులవుతుంది. ఇది చేయకపోతే పన్ను ఊగి ఊగి రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది. ఆ తర్వాత ఎన్ని కొత్త బోల్టులు వేసినా నిలవవు, పెదవి పలకకే వెల్డింగు చేసి రంధ్రం మళ్ళీ వేయాలి. మామూలు హార్డ్‌వేర్ షాపు బోల్టు ఇక్కడ పనికిరాదు, 10.9 లేదా 12.9 గ్రేడుదే (బోల్టు బలాన్ని చెప్పే అంకె) వాడాలి.

డూప్లికేట్ పళ్ళు సగం ధరకు దొరుకుతాయి. అన్నీ చెడ్డవి కావు. తేడా పోతపోసిన పంటికీ, ఫోర్జింగ్ చేసి హీట్ ట్రీట్‌మెంట్ ఇచ్చిన పంటికీ ఉంటుంది. షాపులోనే ఒక మంచి ఆకురాయి తీసుకుని మొన మీద రుద్ది చూడండి. సులువుగా కొరికితే మెత్తటి సరుకు, జారిపోతే గట్టిది. మరీ గట్టిగా ఉండి సుత్తి దెబ్బకు మొన రాలితే అదీ వద్దు, రాతి నేలలో విరుగుతుంది. కొంతమంది అరిగిన పంటి మీద ఇంటి స్లాబులో వాడే ఇనుప కమ్మీ ముక్క వెల్డు చేయిస్తారు. కమ్మీ మెత్తటి ఇనుము, మొరంలో రెండు మూడు రోజులకే అరుగుతుంది. దాని వేడికి కింద ఉన్న మంచి పన్ను పదును కూడా చచ్చిపోతుంది. హార్డ్‌ఫేసింగ్ రాడ్డు (పైన గట్టి పొర వేసే వెల్డింగు రాడ్డు) వాడాలనుకుంటే పళ్ళను వదిలేసి బకెట్ మడమ మీద, పక్క పలకల అంచుల మీద గీతలు గీతలుగా వేయించుకోండి. అక్కడ ఆ డబ్బుకు విలువ ఉంది. పన్ను సగం పొడవు అరగ్గానే మార్చేయాలి. ఇంకో వారం లాగుదాం అనుకుంటే పంటి వెనక పెదవి పలక అరుగుతుంది. పన్ను ఖర్చు వందల్లో ఉంటే పెదవి పని వేలల్లో ఉంటుంది.

ఇక పిన్నులు (కీళ్ళలోని ఇరుసులు), బుష్షులు (అవి తిరిగే తొడుగులు). ఈ బండి అసలు వయసు ఇక్కడే తెలుస్తుంది. గుంత తవ్వినప్పుడల్లా బకెట్ పిన్నులు బురదలో మునిగి లేస్తాయి. నిప్పల్ (గ్రీజు ఎక్కించే మొన) మీది బురద తుడవకుండా గ్రీజు గన్ను పెడితే ఆ ఇసుకను మనమే లోపలికి నెట్టినట్టు. లిథియం ఈపీ-2 రకం గ్రీజు సరిపోతుంది. ఎంత కొట్టాలి అంటే, అంచుల నుంచి పాత నల్ల గ్రీజు పోయి కొత్తది కనిపించేదాకా. బకెట్‌ను నేల మీద వాల్చి, పిన్ను మీద బరువు లేకుండా చూసి కొట్టాలి. తేమ నేలలో, చెరువు పనిలో బకెట్ వైపు పిన్నులకు ప్రతి రోజూ పని మొదలయ్యే ముందు ఒకసారి తప్పదు. గన్ను కొడుతుంటే గ్రీజు దిగకుండా నిప్పల్ పక్క నుంచి కారితే నిప్పల్ బ్లాకయింది. కొత్త నిప్పల్ పెట్టినా దిగకపోతే పిన్ను లోపలి రంధ్రం గట్టిపడ్డ గ్రీజుతో మూసుకుపోయింది. పిన్ను తీసి శుభ్రం చేయాల్సిందే. "రేపు చూద్దాం" అని వదిలేసిన పిన్నే బుష్షును పట్టేసి బుష్షుతో పాటు తిరుగుతుంది, చివరికి బూమ్ రంధ్రాన్నే తినేస్తుంది. అప్పుడు లైన్ బోరింగ్ వాడిని పిలవాలి. రంధ్రంలో వెల్డు నింపి, మళ్ళీ బోరు చేసి, కొత్త బుష్షు కొట్టాలి. బండి రెండు మూడు రోజులు నిలిచిపోతుంది.

అన్నిటికంటే ఖరీదైన వదులు కింగ్ పోస్ట్ దగ్గరిది, అంటే వెనక చెయ్యి పక్కలకు తిరిగే నిలువు కీలు దగ్గరిది. పై పిన్నుకూ కింది పిన్నుకూ మధ్య అర మీటరు ఉందనుకుంటే, అక్కడి ఒక్క మి.మీ. వదులు 5 మీటర్ల అవతల బకెట్ దగ్గర 10 మి.మీ. ఊపుగా కనిపిస్తుంది. కాలువ గోడ వంకర్లు పోవడానికి ఇదొక కారణం. ఈ వదులుకు పెద్ద నేరస్థుడు చీపురు పని. తవ్విన మట్టిని బకెట్ పక్కభాగంతో ఊడవడం, పాత గోడలను పక్క నుంచి కొట్టి పడగొట్టడం. పక్కకు తిప్పే సిలిండర్లు బకెట్‌ను మోసుకుని తిప్పడానికి చేసినవి. ఆ పక్క దెబ్బ మొత్తం కింగ్ పోస్ట్ పిన్నుల మీదా, డిప్పర్ మెడ మీదా పడుతుంది. మట్టి ఊడవాలంటే ముందు బకెట్ ఉంది కదా.

వెనక చెయ్యి పక్కకు జరిగే ఏర్పాటు ఈ బండికి నిజమైన బలం. ప్రహరీ గోడ పక్కనే కాలువ తీయాలంటే చెయ్యిని వెనక ఫ్రేముకు పట్టి ఉంచే క్లాంపు వదిలి, బకెట్‌ను నేలకు ఆనించి చెయ్యి మొత్తాన్ని ఒక అంచుకు జరుపుకోవచ్చు. ఈ క్లాంపులు హైడ్రాలిక్ ఒత్తిడితో పట్టుకుంటాయి. వాటి సీళ్ళు పోతే వెనక ఫ్రేము మీద ఆయిలు చారలు కనిపిస్తాయి, గట్టి నేలలో తవ్వుతుంటే చెయ్యి తనంతట తానే జరుగుతుంది. అలా జరుగుతున్న బండిని నడపకూడదు. జరిపే ముందు పట్టాల మీద గట్టిపడ్డ మట్టి గీకితే చాలు, సగం తిప్పలు తప్పుతాయి.

ముందు బకెట్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, మంచిది. కుప్ప దగ్గరకు చదునుగా, నేలకు ఆనించి, తక్కువ గేరులో వెళ్ళాలి. పళ్ళు దిగాక కొద్దిగా ఎత్తుతూ మడతపెట్టాలి. వేగంగా గుద్ది నింపాలని చూస్తే వెనక టైర్లు అక్కడికక్కడే తిరిగి గట్లు రాలిపోతాయి. ఈ బండిలో టైర్ల ఖర్చు చిన్నది కాదు.

నేల విషయానికొస్తే, ఎర్ర మట్టి, మొరం, గ్రావెల్‌లో 3డీఎక్స్‌కు వంక పెట్టలేం. నల్లరేగడి తడిగా ఉంటే వేరే కథ. బకెట్ నిండుతుంది గానీ ఖాళీ కాదు, మూడో వంతు మట్టి అంటుకుని మళ్ళీ గుంతలోకే వస్తుంది. దాన్ని రాల్చడానికి ఆపరేటరు బకెట్‌ను చివరిదాకా విదిలించి టకటకా కొడతాడు, ఆ దెబ్బలన్నీ లింకు పిన్నులు తింటాయి. నోరు వెడల్పుగా, అడుగు సన్నగా ఉన్న బకెట్ వేసుకుంటే అంటుకోవడం చాలావరకు తగ్గుతుంది. పలక రాయి తగిలితే పళ్ళతో పొడవడం ఆపి రాయి పగలగొట్టే బ్రేకర్ పెట్టాలి. చెరువు పూడిక పనికి, అడుగున ఇంకా నీటి తడి ఉంటే, ఈ బండిని దించకండి. రెండు పిల్ల చక్రాలు, రెండు పెద్ద చక్రాల మీద ఏడున్నర టన్నుల బరువు, జాకీలు బురదలోకి దిగిపోతాయి. మిషన్ కాకతీయ లాంటి పూడికతీతల్లో గట్టిగా ఎండిన చోటే వీటికి పని, తడి చోట చైన్ ప్రొక్లైనే దిక్కు. ఇంకో మాట: ఒకటిన్నర మీటరు దాటిన కాలువలో మనిషిని దించాలంటే గోడలు వాలుగా కోయాలి, లేదా ఆధారాలు పెట్టాలి. తీసిన మట్టిని అంచుకు కనీసం ఒకటిన్నర మీటర్లు, లేదా కాలువ లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే బండి నడిచిన గంటలు చూపే అవర్ మీటరును ఒకసారి చూసి వదిలేయండి. బండిని చదును నేల మీద ఆపి, చెయ్యి చాచి, బకెట్‌ను నేలకు జానెడు ఎత్తున ఉంచి ఇంజను ఆపించండి. కింద కాళ్ళు, చేతులు పెట్టకుండా బకెట్ కింద గడ్డపార దూర్చి పైకి లేపండి. ఒక్కో కీలు దగ్గర ఎంత కదులుతుందో ఇంకొకరు చూడాలి. తర్వాత చెయ్యి పక్కకు ఊపి చూడండి, కింగ్ పోస్ట్ సంగతి తేలుతుంది. సిలిండరు రాడ్డు మీద చాక్‌పీసుతో గీత గీసి పది నిమిషాలు ఆగండి. గీత జరిగిందంటే పిస్టన్ సీళ్ళు గానీ కంట్రోల్ వాల్వు గానీ వదిలేశాయి. సీల్ కిట్ చిన్న ఖర్చు, వాల్వు పెద్దది, కాబట్టి రెండిట్లో ఏదో మెకానిక్‌తో తేల్చుకున్నాకే ధర మాట్లాడండి. రాడ్డు క్రోమ్ మీద నిలువు గీతలుంటే కొత్త సీలు కూడా నెలలోపే పోతుంది. బండంతా పాత పెయింటు ఉండి కింగ్ పోస్ట్ చుట్టూ మాత్రం కొత్త పసుపు మెరుస్తుంటే గోటితో కాస్త గీకండి, కింద వెల్డింగు అలలు కనబడితే లైన్ బోరింగ్ బిల్లు మొత్తం ధరలోంచి తీసేసి అడగండి.