కేసింగ్ తేకుండా సాయిల్ టెస్ట్‌కి వచ్చే వాళ్లతో జాగ్రత్త

విజయవాడ చుట్టుపక్కల ఇల్లు మొదలుపెట్టబోయే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. యనమలకుదురులో మా స్థలంలో జీ+3 వేద్దామని సాయిల్ టెస్ట్‌కి ఇచ్చాను. రెండు బోర్లు, ఒక్కోటి 10 మీటర్లు అని మాట. వాళ్ల పేరు రాయను గానీ, జరిగింది మాత్రం చెబుతాను.

ట్రాలీ ఆటోలో మూడుకాళ్ల స్టాండు, ఇంజను, రాడ్లు దించారు. బోరు గోడలు కూలకుండా దించే కేసింగ్ పైపులు లేవు. "రేగడే కదా సార్, బోరు నిలబడుద్ది" అన్నాడు సూపర్‌వైజర్. పైన ఒకటిన్నర మీటరు బంకమట్టి నిజంగానే నిలబడింది. ఆ కింద ఇసుక, నీళ్లు. 5 మీటర్లు తవ్వి, రాడ్లు పైకి లాగి మళ్లీ దించితే మూడున్నర దగ్గరే ఆగాయి. కింద నుంచి ఇసుక పొంగి బోరు పూడిపోయింది. అలా మూడుసార్లు. మధ్యాహ్నానికి "రాయి తగిలింది సార్, ఇంక దిగదు" అని సామాను సర్దేశారు. రెండో బోరు మొదలే పెట్టలేదు. ఏటి ఒడ్డున 5 మీటర్లకే రాయేమిటని నాకు అప్పుడు తట్టలేదు. విజయవాడ నడుమ మొగల్రాజపురం కొండే ఉంది కదా, ఉంటుందేమో అనుకున్నా.

నేల ఎంత గట్టిదో చూడ్డానికి రాడ్డును కొట్టి దించే హ్యామర్ సంగతి ఇంకా ఘోరం. 63.5 కిలోల బరువు 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దానంతటది పడాలి. రాడ్డు మీద 15 సెంటీమీటర్లకొకటి చొప్పున సుద్దగీతలు గీస్తారు. మొదటి 15 వదిలేసి, తర్వాతి 30 దిగడానికి పట్టిన దెబ్బల లెక్కే ఎన్ విలువ, అది ఎక్కువుంటే నేల గట్టిదని. మా దగ్గర తాడు పట్టుకున్నతను ఒకసారి మోకాలిదాకా, ఒకసారి నడుందాకా ఎత్తాడు. లెక్కపెట్టే కుర్రాడు చెవి దగ్గర ఫోను దించలేదు.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. రెండు బోర్లకీ 10 మీటర్ల దాకా ఎన్ విలువలు! 3 మీటర్లు నల్లరేగడి, కింద మొరం, 8 దగ్గర రాయి. నీళ్లు అసలు తగల్లేదట. ఐదో పేజీలో సైటు పేరు దగ్గర గుంటూరు వైపు ఊరు కనిపించింది.

ఈ రాయిని నమ్మి మామూలు ఫుటింగులు వేస్తే, కింద ఇసుక వదులుగా ఉన్నచోట ఇల్లు ఒక పక్కకు దిగుతుంది. దీనికి ఉల్టాగా కూడా జరుగుతుంది. బోరులో నీటిమట్టం చుట్టూ ఉన్న భూగర్భజలం కంటే తగ్గితే ఇసుక పొంగి వదులైపోతుంది, ఎన్ తక్కువ చూపిస్తుంది, అక్కర్లేని పైల్స్ (లోతుగా దించే స్తంభాలు) ఖర్చు నెత్తిన పడుతుంది. గుంటూరు రేగడిలో బాధ వేరు, అక్కడ నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. మట్టి నీటికి ఎంత ఉబ్బుతుందో చెప్పే ఫ్రీ స్వెల్ పరీక్ష చేశారో లేదో రిపోర్టులో చూసుకోండి.

తర్వాత వేరే వాళ్లని పిలిచాను. కేసింగ్ దించి, బోరు కూలకుండా బెంటనైట్ అనే బంకమట్టి పొడి కలిపిన నీళ్లు నింపుతూ 15 మీటర్లు వెళ్లారు. రాయి లేదు. నీళ్లు 2 మీటర్లకే.

అడ్వాన్స్ ఇచ్చేముందు కేసింగ్, బెంటనైట్ ఎవరు తెస్తారో కాగితం మీద రాయించుకోండి. రాయి తగిలిందంటే కోర్ (గుండ్రంగా కోసి తీసిన రాతి ముక్క) తీసి చూపించమనండి. శాంపిల్ కవర్ల మీద లోతు రాయకపోతే అక్కడే ఆపండి.

మొదటి సూపర్‌వైజర్‌ని డబ్బులు వెనక్కి అడిగితే "టైపింగ్ మిస్టేక్ సార్, కరెక్ట్ చేసి పంపుతాం" అన్నాడు. మర్నాడే పంపాడు. ఊరి పేరు మారింది, రాయి మాత్రం 8 మీటర్ల దగ్గరే ఉంది.